గాలి అందని చోటు

వరూధిని చూపించిన ఫొటోలో ప్లేటు అడుగున ఉన్న రాత తనదేనని కమలాక్షికి చూడగానే తెలిసిపోయింది. నల్ల మార్కర్‌తో తేదీ, దాని పక్కన ఒక సున్నా, సున్నా మీదుగా ఒక అడ్డగీత. మలేసియాలోని క్లాంగ్ ఆసుపత్రి ల్యాబులో బూజులు పెంచి చూసే బెంచీ ఇరవై రెండేళ్లుగా ఆమెదే. ఆమె గీసే ఆ సున్నాకి అర్థం అక్కడ అందరికీ తెలుసు. ఇది గాలిలోంచి వచ్చి పడిన బూజు, రోగి ఊపిరితిత్తుల్లోది కాదు, పారేయవచ్చు.

“మీరు పారేసిన ప్లేటే అక్కా,” అంది వరూధిని. “జనవరిలో. చెత్తసంచిలో పడేముందు నేను తీసుకున్నాను.”

వరూధిని కాకినాడ నుంచి పరిశోధనకి వచ్చిన అమ్మాయి. ల్యాబుని ఆనుకుని ఉన్న చిన్న గదిలో రెండేళ్లుగా పనిచేస్తోంది. రోగం తెచ్చే బూజులు ఆక్సిజన్ అందనిచోట ఎలా బతుకుతాయన్నది ఆమె చదువు. కమలాక్షి వద్దన్న బూజునల్లా అడిగి పట్టుకుపోయి, చిన్న గొట్టాల్లో పెట్టి ఫ్రీజర్లో దాచుకుంటుంది.

“ఏటి, అంత సంతోషం?” అంది కమలాక్షి.

“రండి, చూపిస్తాను.”

ఆ గదిలో బల్ల పొడుగునా ఒక గాజు పెట్టె ఉంది. దాని ముందు గోడకి రెండు నల్లటి రబ్బరు తొడుగులు వేలాడుతున్నాయి. వరూధిని మోచేతులదాకా వాటిలోకి చేతులు దూర్చి, లోపలున్న ప్లేట్లు మూడింటిని ముందుకి జరిపింది. పెట్టె పక్కన ఎర్రటి అంకె వెలుగుతోంది. ఒకటి.

“మనం పీల్చే గాలిలో వందకి ఇరవై ఒక్క వంతులు ఆక్సిజన్. ఈ పెట్టెలో ఒక్కటే. చూడండి, ఎడమ పక్కది జనవరిది.”

ఎడమ ప్లేటులో బూజు ఉందా లేదా అన్నట్టుంది. అద్దం మీద ఊదిన ఊపిరిలాంటి పలచని మచ్చ. మధ్యది జూన్‌ది, రూపాయి బిళ్లంత పెరిగింది. కుడివైపుది సెప్టెంబరుది. అది అంచుదాకా పాకింది. బయట గాలిలో పెరిగితే నీలం కలిసిన ఆకుపచ్చగా, మఖమల్ గుడ్డలా ఉండే ఆస్పర్‌జిల్లస్ ఇది. ఇక్కడ తెల్లగా, మడతలు మడతలుగా, ముడుచుకుని ఉబ్బి ఉంది. కమలాక్షి ఇన్నేళ్లలో అలాంటి ఆకారాన్ని చూడలేదు.

“మూడూ ఒకే మనిషివి,” అంది వరూధిని. “జన్యువులు చదివించాను. జనవరిదే తల్లి. మిగతా రెండూ దాని పిల్లలు. బూజు ఊపిరితిత్తిలో దిగినచోట కండ చచ్చిపోతుంది కదా అక్కా, అక్కడికి రక్తం రాదు. రక్తం రాకపోతే ఆక్సిజన్ రాదు. మామూలుగా దానికీ ఊపిరాడకూడదు. ఇది తట్టుకుంది. కణం పొరకి కావలసిన కొవ్వు తయారుచేసుకోవాలంటే ఆక్సిజన్ కావాలి. అది కొంచెమే ఉన్నా సరిపెట్టుకోవడం నేర్చుకుంది. మన మందు కొట్టేది కూడా సరిగ్గా ఆ కొవ్వు తయారయ్యే దారినే. అందుకేనేమో మందు సరిగా పట్టడం లేదు. మడతలెందుకు పడుతుందో నాకింకా పూర్తిగా అర్థం కాలేదు. కానీ ఇలాంటి వరస, ఒకే మనిషిలోంచి, తొమ్మిది నెలలపాటు… ఎవరికి దొరుకుతుంది చెప్పండి?”

కమలాక్షి మూడో ప్లేటునే చూస్తోంది. “అంటే జనవరిది గాలిలోంచి పడలేదు.”

వరూధిని చేతులు రబ్బరు తొడుగుల్లోనే ఆగిపోయాయి. అప్పుడే ఆ మాట తనకీ తట్టినట్టుంది. “ఒక్క చుక్కే కదా అక్కా ఉంది ప్లేటు మీద. ఎవరైనా అలాగే రాస్తారు.”

“ఒక్క చుక్కే,” అంది కమలాక్షి. “గళ్ల పూసిన గీత మీదే ఉన్నాది. గాలిలోంచి పడేది గీత చూసుకుని పడదు.”

ఆ మధ్యాహ్నం ఆమె జనవరి షీట్లు తీసింది. ఆ వారం ఏసీ పాడైంది. పైకప్పు గొట్టంలోంచి దుమ్ము రాలి, ప్లేట్లన్నిటి మీదా ఏదో ఒక బూజు మొలిచింది. చైనీయుల కొత్త సంవత్సరం సెలవులకి ముందు వారం. ఒకే పూటలో పదకొండు అడ్డగీత సున్నాలు, అన్నీ ఒకే వాలుగా, ఒకే ఒత్తిడితో, ఒక్కొక్క దానికి అర నిమిషం కూడా పట్టనట్టుగా ఉన్నాయి. వరూధిని దాచిన ప్లేటు వాటిలో తొమ్మిదోది. దాని నంబరు కంప్యూటరులో కొట్టింది. ఇంతకాలం నంబరు చూసి ప్లేటు చూడటమే తప్ప నంబరు చూసి పేరు చూసే అలవాటు ఆమెకి లేదు.

పేరు అప్పడు. మగ. అరవై ఒకటి. ఊరు బటాంగ్ బెర్జుంటై. ప్రస్తుతం ఆరో అంతస్తు వార్డు, పదకొండో మంచం.

చేతులు సబ్బుతో కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. వేళ్ల సందుల్లోంచి తడిమట్టి వాసన వస్తున్నట్టే ఉంది. ఇంటికి పోయే కమ్యూటర్ రైల్లో కిక్కిరిసిన జనం మధ్య నిలబడి, ఎదుటి మనుషుల ఛాతీలు ఎగసిపడడం తను లెక్కబెడుతోందని రెండు స్టేషన్లు దాటాక గాని గమనించుకోలేదు.

ల్యాబు మనుషులు వార్డులకి పోరు. పోవాల్సిన పని ఉండదు. మర్నాడు పన్నెండున్నరకి, రోగులని చూడటానికి జనాన్ని వదిలే వేళకి, కమలాక్షి ఒక ఖాళీ కఫం సీసా కోటు జేబులో వేసుకుని ఆరో అంతస్తు ఎక్కింది. ఎవరైనా అడిగితే పాత నమూనా సరిపోలేదని చెప్పొచ్చనుకుంది. ఎవరూ అడగలేదు.

పదకొండో మంచం కిటికీ పక్కన ఉంది. మనిషి మూడు దిండ్ల మీద ఒరిగి కూర్చున్నాడు. ముక్కు కింద ఆక్సిజన్ గొట్టం. మెడ దగ్గర ఎముకల మధ్య గుంటలు ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి పోతున్నాయి. వేలికి తగిలించిన క్లిప్పు నుంచి వైరు రక్తంలోని ఆక్సిజన్ కొలిచే యంత్రానికి వెళ్తోంది. తొంభై ఒకటి. తొంభై. మళ్లీ తొంభై ఒకటి. పక్కన గిన్నెలో మడిచిన కాగితపు తువ్వాలు, దాని అంచున ఎర్రటి చార.

తమిళంలో పలకరించాడు. ఆమె తెలుగులో జవాబిచ్చింది.

“తెలుగోల్లా!” అని లేవబోయాడు. “ఏ ఎస్టేటమ్మా మీది?”

“మా తాత కెడాలో ఎస్టేటు గుమాస్తా అన్నా. సుంగై పెటాని పక్క.”

గుమాస్తా అనగానే ఆయన దుప్పటి సర్దుకుని, చొక్కా పైబొత్తం పెట్టుకున్నాడు. అది చూసి కమలాక్షి కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని కూర్చుంది. ల్యాబులో పనిచేస్తానని, సీసా ఇవ్వడానికి వచ్చానని చెప్పింది.

“ఏటి పని చేసేవాడివి అన్నా?”

“గెలలు పిండేసినాక పిప్పి మిగుల్తాది గదా, పామాయిలు మిల్లుల. అది కుప్పలేసి ఎరువు సేత్తారు. నాను కుప్పలు తిప్పే బండి తోలేవోన్ని.” మాటకీ మాటకీ మధ్య ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. “కుప్ప లోనికి గాలి పోదమ్మా. తిప్పాల. తిప్పకపోతే లోపల కుల్లిపోతాది. తిప్పితే పొగ నాగ లేస్తాది, తెల్లగ, ఏడిగ. అద్దం మూసినా ముక్కులోకే. సాయంత్రం తుడుసుకుంటే గుడ్డ పచ్చగ అయ్యేది.”

“డాక్టర్లకి చెప్పినావా ఇది?”

“ఆల్లు అడగలేదు. సిగరెట్టు కాల్సినావా అని అడిగినారు. ఒకప్పుడు కాల్సినోన్నే. పునిత పెల్లినాడు మానేసినాను, పన్నెండేల్లయినాది. ఎవులూ నమ్మరు.” కిటికీవైపు తిరిగాడు. “జనవరిల ఓ డాక్టరు సెప్పినాడు. గల్లలో ఏటీ లేదు, ఏ రోగమూ లేదు, ముసిలోడు దొంగతనంగ కాలుస్తున్నాడు అని. మా పునిత పక్కనే ఉన్నాది. ఆ దినం కాడ్నుంచి…”

కొంతసేపు దగ్గాడు. కమలాక్షి తువ్వాలు అందించింది. ఆయన దాన్ని చూసుకోకుండానే మడిచేశాడు.

“అమ్మా, నువ్వు ల్యాబు మనిసివి గదా,” అన్నాడు గొంతు తగ్గించి. “గల్ల సూసి, ఈడు సిగరెట్టు కాల్సినాడో లేదో సెప్పే మిసను ఉంటాదేటి? ఉంటే నాది సూసి, మా పునితకి ఓ కాయితం రాసియ్యమ్మా. రోగం తగ్గకపోతే పోనీ. ఆ కాయితం ఉంటే సాలు.”

ఆమె జేబులోని సీసా తీసి మంచం పక్కన పెట్టి, చూస్తానన్నా అని చెప్పి లేచింది. లిఫ్టు కోసం ఆగలేదు. ఆరంతస్తులూ మెట్లు దిగింది.

బుధవారం పొద్దున్నే ఆమె సవరణ రిపోర్టు టైపు చేసింది. జనవరి నమూనాలో ఆస్పర్‌జిల్లస్ పెరిగిందని, అది కలుషితమని పొరపాటున రాశారని, తరవాతి పరీక్షల్లో అదే బూజు అని తేలిందని నాలుగు వాక్యాలు. ‘రాశారని’ అన్నచోట ఆగి, దాన్ని కొట్టేసి, ‘రాశానని’ అని మార్చింది. కింద సంతకం చేసింది. పక్కన ల్యాబు అధిపతి సంతకం కూడా ఉంటే గాని అది ఫైల్లోకి పోదు.

అధిపతి డాక్టర్ ముగిలన్ కాగితం రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఆ వారం ఏసీ బాగుచేయించడానికి మూడు ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయనే.

“ఇప్పుడు ఎవరికమ్మా ఇది?” అన్నాడు తమిళంలో. “మందు జూన్ నుంచే ఇస్తున్నారు కదా. ఈ కాగితంతో మందు మారుతుందా?”

“మారదు సార్.”

“వచ్చే నెల తనిఖీవాళ్లు వస్తున్నారు. ఒకటి సవరిస్తే మిగతా పది సంగతేమిటని అడుగుతారు.”

“అడగాలి కదా సార్. ఆ పది ఎవరివో నేను కూడా చూడలేదు.”

ఆయన కాగితాన్ని వెనక్కి ఇవ్వలేదు. సంతకమూ చేయలేదు. సొరుగులో పెట్టి, ఆలోచిస్తానన్నాడు. కమలాక్షి బెంచీకి వచ్చి కూర్చుని, ఆ రోజు ప్లేట్లు చూడటం మొదలుపెట్టింది. మామూలుగా గంటలో ముగిసే నలభై ప్లేట్లకి మధ్యాహ్నం దాటింది. ప్రతి చుక్కనీ వెలుగుకెత్తి, గీత మీద ఉందా పక్కన ఉందా అని చూసింది. ఒకచోట సున్నా పెట్టి, అడ్డగీత గీయబోయి, మార్కర్ మూత పెట్టేసింది.

వెళ్లేముందు వరూధిని గదిలోకి తొంగిచూసింది. దీపం ఆర్పిన గదిలో గాజు పెట్టె పక్కన ఎర్రటి ఒకటి వెలుగుతూనే ఉంది. మూడో ప్లేటు మూతకి బూజు తగలడానికి ఇంకెంతో లేదు.

గురువారం పన్నెండున్నరకి ఆమె మళ్లీ పైకి వెళ్లేసరికి మంచం పక్కన పునిత ఉంది. ముప్పై నాలుగేళ్లుంటాయి. చేతితొడుగుల ఫ్యాక్టరీ యూనిఫారంలోనే వచ్చింది. ఫ్లాస్కులోంచి గంజి కప్పులోకి వంచి, ఊదుతూ, చెంచాతో తండ్రి నోటికి అందిస్తోంది. చెయ్యి మెత్తగా ఉంది గాని మాట మెత్తగా లేదు.

“మింగు అప్పా. సుమ్మా, ఊరికే నోట్లో పెట్టుకోకు.” కమలాక్షిని చూసి లేచింది. “ల్యాబు ఆంటీ మీరేనా? తెలుగాయమ్మ వచ్చినాదని నిన్న అంతా అదే మాట.”

“అవునమ్మా.”

“మీరన్నా చెప్పండి ఆంటీ. ఊపిరితిత్తి మొత్తం ఓట్టై, హోల్స్. డాక్టరు ఫిల్మ్ చూపించినాడు. పన్నెండేళ్లు మానేసినానని నాకు చెప్పి, వెనకాల కాల్చుకుంటా ఉండినాడు.”

అప్పడు కళ్లు మూసుకున్నాడు. ఇన్ని నెలలుగా వింటున్న మాటే అయినట్టు, మొహంలో ఏ మార్పూ లేదు. కమలాక్షికి ఆ మూసిన రెప్పలు భరించరానివిగా తోచాయి.

“ఆయన కాల్చలేదు పునితా,” అంది.

చెంచా కప్పులోనే ఆగింది.

కమలాక్షి నిలబడే చెప్పింది. జనవరిలో ఆయన గళ్లలో బూజు పెరిగిందని, అది కుప్పలు తిప్పేచోట దుమ్ములో ఉండే బూజేనని, దాన్ని తాను గాలిలోది అనుకుని కొట్టేశానని చెప్పింది. “డాక్టరు ఏటీ లేదన్నాడంటే, నేను ఏటీ లేదని రాసినాను గనక అన్నాడు. తప్పు నాది. అప్పుడే రాసుంటే మందు అయిదు నెలలు ముందు మొదలయ్యేది.” మూడు రోజులుగా ఛాతీ మీద ఉన్న బరువు మాటమాటకీ దిగుతున్నట్టు ఆమెకే తెలుస్తోంది. పునిత తిడుతుందని, అరుస్తుందని ఎదురుచూసింది. అరిస్తే బాగుండుననుకుంది కూడా.

పునిత ఆమెవైపు చూడనేలేదు.

“జనవరి,” అంది నెమ్మదిగా. “ఆ కాగితం చూసే నేను… కర్పూరం వెలిగించినాను ఆంటీ. కాల్చలేదంటే అరచేత్తో ఆర్పి ఒట్టెయ్యమన్నాను. ఆర్పినాడు. అయినా నమ్మలేదు. కాయితం అబద్ధం చెప్పదు, నువ్వే చెప్తావు అన్నాను. మా పాప గదిలోకి రావద్దన్నాను. మర్నాడు బ్యాగు సర్దేసి నేనే బస్సెక్కించినాను.” ఆగింది. “మళ్లీ ఎస్టేటుకే. మళ్లీ ఆ ఎరువు యార్డుకే పోయినాడు. మా ఇంట్లోనే ఉండుంటే పోయేవాడే కాదు. అయిదు నెలలు ఆ దుమ్ములోనే…”

కప్పు వంగి గంజి దుప్పటి మీద ఒలికింది. ఆమె చూసుకోలేదు. ఏడుపు రావడం లేదు. నోరు తెరిచి గాలి లాగుతోంది గాని గాలి లోపలికి పోతున్నట్టు లేదు. చెయ్యి గొంతు దగ్గరికి పోయింది. కమలాక్షి ఆమె భుజం పట్టుకుంది. అది రాయిలా బిగుసుకుని ఉంది. తన మీదినుంచి దిగిన బరువు ఎక్కడికి పోయిందో కమలాక్షికి అప్పుడు కనిపించింది.

అప్పడు కళ్లు తెరిచి కూతురిని చూస్తున్నాడు. యంత్రం మీద అంకె తొంభై నుంచి ఎనభై ఎనిమిదికి దిగింది. ముక్కు కింది గొట్టాన్ని పక్కకి లాక్కుని, మోచేతుల మీద కొంచెం లేచాడు.

“పునితా,” అన్నాడు. “కాల్సినాన్లేమ్మా.”

ఆమె తలెత్తింది.

“యార్డు కాడ. నీకు తెలకుండ. ఒట్టేసినాక గూడా.” రెండు ఊపిర్లు తీసుకున్నాడు. “డాక్టరు సెప్పిందే నిజం. సిగరెట్టు తాగే ఊపిరితిత్తి అని సూసుకునే పట్టినాది ఆ బూజు. ఈయమ్మకి ఎలాగ తెలస్తాది, నాను సెప్పకపోతే?” కళ్లు కమలాక్షివైపు తిప్పాడు. “అంతే గదమ్మా? కాల్సేవోల్లకే పడతాది గదా అది?”

మొన్న గొంతు తగ్గించి కాగితం అడిగిన మనిషే. కళ్లలో నీళ్లు లేవు. ఆ చూపులో వేడుకోలు కూడా లేదు. పిల్లని పట్టుకోమని పక్కవాళ్లకి సైగ చేసినట్టుంది.

పునిత కమలాక్షి మొహంలోకి చూస్తోంది. వేళ్లు ఇంకా గొంతు దగ్గరే ఉన్నాయి.

“కాల్చేవాళ్లకి… తొందరగా పడతాది,” అంది కమలాక్షి.

పునిత ఛాతీ ఒక్కసారి పెద్దగా లేచింది. గాలి శబ్దంతో లోపలికి పోయింది. ఆ వెంటనే ఏడుపూ వచ్చింది, ఏడుపుతోపాటు కోపమూ వచ్చింది. “చూసినారా ఆంటీ! చూసినారా! కర్పూరం మీద ఒట్టేసి!” తండ్రి ముక్కు కింద గొట్టం సరిచేస్తూనే తిట్టింది. ఒలికిన గంజి తుడుస్తూ తిట్టింది. “రోజుకి ఎన్ని? నిజం చెప్పు అప్పా. ఎన్ని?”

“రెండు.”

“రెండా? రెండింటికి ఇన్ని హోల్స్ పడతాయా?”

అప్పడు ఆమె మొహం చూశాడు. తుడుస్తున్న చెయ్యి ఆగిపోయి ఉంది. ఆ చేతివేళ్లు మళ్లీ గొంతువైపు లేస్తున్నాయి.

“నాలుగు,” అన్నాడు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది. “పది. పదమ్మా.”

“పది,” అంది పునిత. “పది!” ఫ్లాస్కు మూత గట్టిగా తిప్పి మళ్లీ కప్పు నింపింది. “నోరు తెరు.”

ఆయన నోరు తెరిచాడు. చెంచా చెంచాకీ తిట్లు వింటూ గంజంతా తాగాడు. మధ్యలో మందులివ్వడానికి వచ్చిన నర్సుని ఆపి, పునిత మలయ్ భాషలో ఆ పది సంగతి చెప్పింది. నర్సు తలూపి, మంచం చివర వేలాడుతున్న ఫైలు తీసి, పెన్ను నొక్కి, రాసుకుంది. కమలాక్షి ఆపడానికి నోరు తెరిచింది. అప్పడు ఆమెవైపు చూసి, దుప్పటి మీదున్న చెయ్యి ఒక్క అంగుళం ఎత్తి, దించాడు. ఆమె ఆపలేదు.

కిందకి వచ్చేసరికి ఆమె బెంచీ మీద సవరణ రిపోర్టు ఉంది. ముగిలన్ సంతకం చేశాడు. దానికి ఒక చీటీ గుచ్చి ఉంది, మిగతా పది నంబర్లూ రేపటికల్లా తీయమని. కమలాక్షి కాగితాన్ని కవరులో పెట్టి, వార్డు పేరు రాసి, బెంచీ ముందు చాలాసేపు నిలబడింది. తరవాత పట్టుకెళ్లి పైకి పోయే ట్రేలో వేసింది.

శుక్రవారం ఏదో నమూనా సంగతి అడగడానికి వార్డుకి ఫోను చేసినప్పుడు, పదకొండో మంచం ఫైల్లోకి ఆ రిపోర్టు చేరిందా అని కూడా అడిగింది. చేరిందన్నారు. నర్సు మొదటి పేజీ చదివి వినిపించింది. జనవరి నుంచీ ఊపిరితిత్తుల్లో ఆస్పర్‌జిల్లస్. దాని పైవరసలో, ధూమపానం, రోజుకి పది, రోగి స్వయంగా ఒప్పుకున్నాడు.

“ఇంకేమైనా సరిదిద్దాలా?” అని అడిగింది నర్సు.

“లేదు,” అంది కమలాక్షి.